రూతమ్మవ్వ చేత నేను చెరిపించిన ముగ్గు

మా చిన్నతనంలో, జమ్మలమడుగులో క్రిస్మస్ పొద్దున పాస్టరు అయ్యగారి వెంట పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లం... కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. నాకప్పుడు పదేళ్లు. మా నాయన మిషన్ బడిలో ఉపాధ్యాయుడు.

ఆ ఏడు పాటల గుంపు బయలుదేరకముందే నేను చర్చి వెనక సందులోకి వెళ్లాను. చర్చి ఊడ్చే రూతమ్మవ్వ తన గుడిసె ముందు వంగి ముగ్గు వేస్తోంది. పేడనీళ్లు చల్లిన నేల మీద తెల్లటి పిండి... చుట్టూ చుక్కలు, మధ్యలో ఒక గుర్తు.

చర్చిలో బల్ల మీద పరిచే గుడ్డకు పసుపు పట్టుదారంతో కుట్టిన గుర్తే అది. చూడగానే ఇంగ్లీషు 'ఎక్స్' మధ్యలో 'పీ' నిలబడినట్టు ఉంటుంది. కానీ అవి ఇంగ్లీషు అక్షరాలు కావు. గ్రీకులో 'ఖీ', 'రో'. ఆ భాషలో క్రీస్తు పేరుకు మొదటి రెండు అక్షరాలు. వాటికి అటూ ఇటూ అల్ఫా, ఓమెగ... మొదటి అక్షరం, చివరి అక్షరం. ఆదీ అంతమూ ఆయనే అని అర్థం. ఇదంతా నాయన చెప్పినదే. పూర్వం ఒక రోము చక్రవర్తి దాన్ని సైనికుల డాళ్ల మీద వేయించాడనీ చెప్పాడు. నా మనసులో ఆ చక్రవర్తే నిలిచిపోయాడు.

అవ్వకు చదువు రాదు. ప్రతి శనివారం ఆ గుడ్డను దులిపి బల్ల మీద పరిచేది ఆమే. పండగలకు ఉతికి గంజి పెట్టేది. ఆ గీతలు ఆమె వేళ్లకే తెలుసు.

"సూడు పాపా, శానా బాగా కుదిరింది గదా!" అంది, నడుం పట్టుకుని లేస్తూ.

"ఇదెందుకేసినావవ్వా?"

"ఈ తూరన్నా అయ్యగారు మా ఇంట్లో ప్రార్థన చేస్తాడని. అందరిండ్లకూ పోతాడు, మా సందుకొచ్చేసరికి ఎనక్కి తిరుగుతాడు. మా ఇల్లు ఆయప్ప కాళ్లకు దూరమంట... కోడికూర వండినోళ్ల ఇల్లు మాత్రం యాడున్నా దూరం గాదు!" అని పకపకా నవ్వింది. "ఈ గుర్తు కనపడితే దాటిపోలేడులే. ఈడ గూడా మనోళ్లే ఉండారని తెలుస్తాది."

ఆమె భర్త పోయినప్పటి నుంచి ఆ ఇంటికి ఎవరూ వచ్చి ప్రార్థన చేయలేదు. ఆ సంగతి నాకూ తెలుసు.

అవ్వతో పాటు నేను నవ్వలేదు. "అది దేవుని పేరవ్వా. బల్ల మీద ఉండాల్సింది. నేల మీదేస్తే అందరూ తొక్కరా? పాపం గాదా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "నిజమేనా పాపా? మీ నాయన చెప్పినాడా?"

"అవును," అన్నాను.

నేల మీద వేస్తే పాపమని నాయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట నాది.

అవ్వ చీపురు అందుకుంది. మళ్లీ ఏమనుకుందో, పక్కన పెట్టేసింది. మోకాళ్ల మీద కూర్చుని, పిండినంతా వేళ్లతో కూడదీసి కొంగులోకి ఎత్తుకుని, ఎవరి కాలూ తగలని చోట, చిక్కుడు పాదు మొదట్లో పోసింది.

పాటల గుంపుతో అయ్యగారు వచ్చారు. అవ్వ ఇంటికి ముందున్న ఇంట్లో ప్రార్థన ముగించి, వెనక్కి తిరిగారు. ఉతికిన తెల్లచీర కట్టుకుని అవ్వ వాకిట్లో నిలబడే ఉంది. మధ్యలో ఇరవై అడుగులు కూడా లేవు. "ఇంకో ఇల్లుందయ్యా" అని నేను అనవచ్చు... అనలేదు. అందరితో పాటు పాడుకుంటూ వెళ్లిపోయాను.

ఆ శనివారం అవ్వ మా ఇంటికి వచ్చి, గడప బయటే నిలబడి నాయనను పిలిచింది.

"అయ్యవారూ, బల్లగుడ్డ ఇంగ మీ పాప చేత పరిపించండి. అది దేవుని పేరంట గదా. సదువురాని దాన్ని, ఇన్నేండ్లు తెలీక ముట్టుకుంటి." జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

నాయన నా వైపు తిరిగాడు. "అవ్వకు ఏం చెప్పినావు?"

చెప్పాను.

"డాళ్ల సంగతి గుర్తు పెట్టుకున్నావు. సమాధుల సంగతి గూడా చెప్పినా గదమ్మా నీకు... అది మరిచిపోతివా?"

నిజమే, చెప్పాడు. రోము నగరం కింద తవ్విన సమాధుల సొరంగాల్లో మామూలు జనం, సరిగా రాయడం కూడా రానివాళ్లు, తమవాళ్లను పూడ్చిన చోట పచ్చి సున్నం మీద ఈ గుర్తే గీసేవారట. మట్టి ప్రమిదల మీద కూడా ఉండేదట. మావాళ్లు ఇక్కడున్నారు అని చెప్పుకోవడానికి వాళ్లకున్నది ఆ నాలుగు గీతలే. ఎన్నో ఏళ్లకు, పులివెందులలో టీచరుగా ఉన్నప్పుడు, ఒక పుస్తకంలో ఇంకో బొమ్మ చూశాను... పాతకాలపు ఇంట్లో, రంగురాళ్లు పొదిగిన గచ్చు మీద అదే గుర్తు. నేల మీదే.

"పోయి, తప్పు నాదని అవ్వతో చెప్పు," అన్నాడు నాయన ఆ రోజు. వెళ్లాను. సందు మొదటిదాకా వెళ్లి తిరిగి వచ్చాను. చెప్పానని నాయనతో అన్నాను. గుడ్డ పరిచే పని అవ్వే ఇష్టపడి నాకిచ్చిందని కూడా అన్నాను.

ప్రొద్దుటూరుకు చదువుకు వెళ్లేదాకా, నాలుగేళ్ల పాటు ప్రతి శనివారం ఆ గుడ్డ నేనే పరిచాను. నా పని అయ్యేదాకా అవ్వ చీపురు పట్టుకుని దూరంగా నిలబడేది. "బాగా పరిచినావు పాపా," అనేది. ఆమె వాకిట్లో నేను మళ్లీ ముగ్గు చూడలేదు.

ఇప్పుడు ముగ్గులే స్టిక్కర్లయ్యాయి. ఆ గుర్తును ప్లాస్టిక్ నక్షత్రాల మీద, కారు అద్దాల మీద అచ్చువేసి అమ్ముతున్నారు. అర్థం అడిగేవాళ్లు లేరు, తప్పని చెరిపించేవాళ్లూ లేరు... అది మంచిదే. కానీ చదువు రాని ఒక మనిషి వేలి కొసల నుంచి జారిన ఆ గీతలను మాత్రం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

మీ చిన్నతనంలోనూ ఇలా మీరు నొప్పించిన వాళ్లు ఒకరు ఉండే ఉంటారు. వాళ్ల గురించి కింద రాయండి, చదువుతాను. వాళ్లు ఇంకా బతికి ఉంటే మాత్రం, ముందు వాళ్ల ఇంటికి వెళ్లి రండి... ఆ తర్వాతే రాయండి.