చేతి మీద లాట్ నంబరు

మా స్కూల్లో కొత్తగా చేరిన టీచరు ఒకామె మణికట్టు మీద సీతాకోకచిలుక వేయించుకోవాలని ముచ్చటపడుతోంది. ముందుగా ఏమేం చూసుకోవాలని స్టాఫ్‌రూమ్‌లో అందరినీ అడిగింది. సూది కొత్తదో కాదో చూసుకో అన్నారొకరు. ఎండాకాలం వద్దన్నారు ఇంకొకరు. కాబోయే మొగుడి పేరు మాత్రం వేయించుకోకు అని మరొకామె అంటే అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఏడాది పాటు నీవాళ్లెవరికీ నీ నెత్తురు అవసరం పడదని రాసిచ్చే దేవుడెవరైనా ఉంటే ముందు ఆయన్ని కలిసి రా, ఆ తరవాత సూది దగ్గరికి వెళ్లు అన్నాను. అందరూ టీ కప్పుల్లోకి చూసుకున్నారు. నేను నోరు తెరిస్తే జరిగేది అదే, నాకు అలవాటే.

మా నాన్న కరీంనగర్ వైపు చేమగ్గం వదిలి సూరత్ వచ్చి సాంచె, అంటే మరమగ్గం, పట్టాడు. మా తమ్ముడు పదో తరగతిలో చదువాపి అవే సాంచెలు బాగుచేసే పనిలో చేరాడు. పని సూరత్‌లోనే పాండెసరలో, కాపురం ఆ పక్కనే వడోద్‌లో. నేను డిగ్రీ చదివి తెలుగు మీడియం మున్సిపల్ స్కూల్లో టీచర్నయ్యాను. వాడికి చేతులిచ్చి నాకు నోరిచ్చానని మా అమ్మ బతికున్నన్నాళ్లూ అనేది.

కరోనా వచ్చిన మొదటి ఏడు, వానాకాలంలో, మా తమ్ముడు పనిచేసే చోట సాంచె నడిపే కారీగరు ఒకతను పోయాడు. అతని భార్యాపిల్లలు ఊళ్లో చిక్కుకుపోయారు. ఆస్పత్రికి మా తమ్ముడే వెళ్లాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మీద చీటీ అంటించి, వ్యానులోకి ఎక్కించి, అంత దూరం నుంచే దండం పెట్టుకోమన్నారట. చీటీ వానకు తడిసి రాత అలుక్కుపోయింది. దహనం అయిపోయాక ఎవరో ఫోన్ చేసి, మీరు తగలబెట్టింది మా నాన్ననేమో అని అడిగారు. అవునో కాదో తేల్చే దారి లేదు. ఎవరి బూడిదో తెలియకుండానే రెండిళ్లలోనూ కర్మ చేశారు.

అది వాడి మనసులో నుంచి పోలేదు. దీపావళి నాటికి రోగం కాస్త తగ్గినట్టు కనిపించింది. సాంచెలు మళ్లీ ఆడాయి. అప్పుడు వాడికొక ఆలోచన వచ్చింది. అది సూరత్‌లో సాంచెల మధ్య పెరిగినవాడికి తప్ప ఇంకెవరికీ రాదు. సాంచె మీద నుంచి దిగిన కోరా బట్టను ఇక్కడ తాకా అంటారు. రంగుల మిల్లుకు పంపేముందు తాకా కొసన లాట్ నంబరు గుర్తు వేస్తారు. మిల్లులో ఎందరెందరి బట్టో కలిసిపోతుంది, మరుగుతుంది, రంగు తాగుతుంది. గుర్తు మాత్రం పోదు. దాన్ని చూసే ఎవరి తాకా వాళ్లకు పంపిస్తారు.

"కొసకు గుర్తెయ్యకుంట తాకాను మిల్లుకు పంపుతమా అక్కా? మనిషిని మాత్రం చీటీ అంటించి పంపుతున్నం" అన్నాడు.

తాకా తిరిగి వస్తుంది, మనిషి రాడు అన్నాను.

"రాడు. ఎవరు పోయిండ్రో అదన్న ఎర్కయితది గద."

అయినా వాదించాను. మనుషులకు లాట్ నంబర్లు వేసుకుంటారా, మనమేమన్నా పశువులమా అని చాలాసేపు అరిచాను. వాడు విని, వారపు బజార్లో పచ్చబొట్టు మిషన్ పెట్టుకుని కూర్చునే అతన్ని ఆదివారం ఇంటికే పిలిపించాడు. ముంజేతి లోపలి వైపు మా ఇంటిపేరు మొదటి అక్షరం, దాని కింద మనిషికో లెక్కన చుక్కలు. వాడికి ఒక చుక్క, మరదలికి రెండు, నా కూతురికి మూడు. తమ్ముడి పిల్లలు చిన్నవాళ్లని వదిలేశారు. మా ఆయనకు షుగరు, ఆయన్నీ వదిలేశారు. నాకు నాలుగు చుక్కలు అట్టిపెట్టారు గానీ నేను చెయ్యి ఇవ్వలేదు.

"అక్కకు అక్కర్లేదు తియ్యి. సంచిల నుంచి గూడ కొట్లాడుతది, గుర్తు పడ్తం" అన్నాడు మా తమ్ముడు. పచ్చబొట్టతనికి తెలుగు రాకపోయినా మిగతావాళ్లను చూసి నవ్వాడు.

ముందు తమ్ముడు చెయ్యి చాపాడు, తరవాత మరదలు, చివర నా కూతురు. మధ్యలో సూది మార్చలేదు. అదేమిటని నేను అడిగితే అతను సీసాలోంచి స్పిరిట్ ఒంపి గుడ్డతో తుడిచి చూపించాడు, అంతకన్నా శుభ్రం లోకంలో లేనట్టు. నా కూతురు అప్పుడు బీఎస్సీ చివరి ఏడు చదువుతోంది. చదువుకున్నదానివి, నువ్వైనా చెప్పవేమే అన్నాను. దానికి మేనమామ ఏం చేస్తే అది చేయాలి. చిన్నప్పుడు వాడి సైకిలు ముందు కూర్చుని బజారంతా తిరిగిన పిల్ల. పళ్లు బిగించి వేయించుకుంది.

చలికాలంలో నేను సర్వే డ్యూటీలో ఇల్లిల్లూ తిరిగి కరోనా ఇంటికి తెచ్చాను. నాకు వచ్చింది, నా కూతురికి వచ్చింది. మంచాన పడి, కషాయాలు తాగి, ఇద్దరం లేచాం. వేసవిలో మా తమ్ముడికి వచ్చింది. ఈసారి వచ్చింది వేరే రకం. మంచం కోసం ఎన్ని ఆస్పత్రులు తిరిగామో, ఎవరెవరి కాళ్లు పట్టుకున్నామో రాయను, ఆ వేసవి అందరూ అదే చేశారు. చివరికి మంచం దొరికింది. ఆక్సిజన్ పెట్టారు. అయినా ఊపిరి దిగజారుతుంటే డాక్టరు ప్లాస్మా తెచ్చుకోండి అని రాసిచ్చాడు.

అప్పట్లో ప్లాస్మా అంటే సంజీవని. రోగం వచ్చి తగ్గినవాళ్ల నెత్తురులోంచి తీసి ఎక్కిస్తే బతుకుతారని ఫోన్లు మోగిపోతుండేవి. వాడిదీ నాదీ నా కూతురిదీ ఒకటే గ్రూపు. ఇద్దరికీ రోగం వచ్చి తగ్గి ఎంతో కాలం కాలేదు. మాకు కరోనా వచ్చినందుకు ఆ ఒక్క రోజే నేను సంతోషించాను. మరదలు నా కూతురి చెయ్యి పట్టుకుని, మీ మామను నీ చేతిల పెడుతున్న బిడ్డా అంది.

బ్లడ్ బ్యాంకులో ముందు నా వంతు. తెల్ల సూటులో కళ్లు మాత్రమే కనిపించే కుర్ర డాక్టరు హిందీలో కాన్పులెన్ని అని అడిగాడు. రెండు, ఒకటి దక్కలేదు అన్నాను. అయితే మీరు పనికిరారు అన్నాడు. బిడ్డను మోసిన ఆడవాళ్ల నెత్తురులో ఏవో తయారవుతాయట. అవి ఇంకొకరికి ఎక్కితే ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చట. పిల్లల్ని కనడం కూడా రోగాల లెక్కలో రాసుకున్నారా, మగవాళ్లకు ఇలాంటి ప్రశ్న ఏదైనా ఉందా అని గొడవపడ్డాను. అతను కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు, అంతే.

మిగిలింది నా కూతురు. పెళ్లికానిది, ఆరోగ్యంగా ఉంది. లోపలికి పోయేముందు దాని చెవిలో చెప్పాను. పొడుగు చేతుల చొక్కా పైకి లాగకు, గుర్తు లేని ఎడమ చెయ్యి ఇవ్వు, అడిగినదానికి లేదని చెప్పు. తప్పు చెప్పానని ఈరోజుకీ అనుకోను. మళ్లీ ఆ గుమ్మంలో నిలబెడితే మళ్లీ అదే చెబుతాను.

ఏడాది లోపల పచ్చబొట్టు వేయించుకున్నావా అని అడిగారు. అది నా వైపు చూడలేదు. ఉంది అని చెప్పి, అడగకుండానే కుడిచేతి చొక్కా పైకి మడిచింది. ఎక్కడ వేయించావంటే ఇంట్లో అంది. సూది కొత్తదా అంటే కాదు అంది. ఏడాది ఆగాలన్నాడు డాక్టరు. కామెర్ల జాతి వైరస్‌లు సూదితో వస్తాయి, పరీక్షకు దొరక్కుండా కొన్నాళ్లు దాక్కుంటాయి అన్నాడు.

నేను వదల్లేదు. అదే సూది ముందు మా తమ్ముడి చేతికే దిగింది, దీనికి ఏమైనా అంటుకుంటే వాడికి అంతకుముందే అంటుకుని ఉంటుంది, ఇక వాడికి కొత్తగా అంటుకునేదేముంది అన్నాను. నా జీవితంలో చేసిన వాదనలన్నిటిలో గట్టిది అదే. కావచ్చు మేడమ్, కానీ నేను తీసుకోలేను అన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక మెట్ల మీదే దాన్ని కడిగేశాను. ఒక్క మాట మింగలేకపోయావా అన్నాను. అది కిందికి చూస్తూ, "మామకు ఎక్కేది గద అమ్మా. ఏమన్నయితే?" అంది.

ఎందరికి ఫోన్లు చేసినా ప్లాస్మా దొరకలేదు. మా తమ్ముడు పోయాడు. ఆ ఏటికి పద్ధతి మారింది. సంచి జిప్పు మెడ దాకా తీసి ముఖం చూపించారు, గుర్తు పట్టాక మూసేశారు. చేతి మీద ఏముందో ఎవరూ అడగలేదు. అంత కష్టపడి వేయించుకున్న గుర్తు, చూసే నాథుడు లేకుండానే కాలిపోయింది.

దినాలు అయిపోగానే మా మరదలు నోరు విప్పింది. విప్పాక మూయలేదు. ఇంటికి పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ ఒకటే చెప్పేది. గింతంత మచ్చ దాచుకోలేకపోయిందని, సత్యవంతురాలి వేషమేసి మామను చంపిందని. నా కూతురు ఎదురుగా ఉన్నా అనేది, ఎదురుగా ఉంటే ఇంకాస్త గట్టిగా అనేది. ఆ గుర్తు వేయించింది పోయినవాడేనన్న సంగతి ఆ మాటల్లో ఎప్పుడూ రాలేదు. నేను గుర్తు చేస్తే, చచ్చినోని మీదికి నెడుతున్నవా అని ఏడ్చింది. నా కూతురు మండుటెండలోనూ పొడుగు చేతుల చొక్కాలే తొడుక్కునేది.

ఆ నెల దాటకముందే కబురొచ్చింది. ప్లాస్మా వల్ల ప్రాణాలు నిలవడం లేదని తేలిందట, ఇక వాడొద్దని డాక్టర్లకు చెప్పారట. పేపర్లో చదివి ఆ పూటే వడోద్ వెళ్లాను. మా మరదలు చీరలకు రాళ్లు అతికించే పని ముందేసుకుని కూర్చుంది. పక్కన కూర్చుని అక్షరం వదలకుండా చదివాను. నా బిడ్డ తప్పు లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి.

మరదలు రాయి తరవాత రాయి అతికిస్తూనే విన్నది. "అయితే ఆయన ఎట్లయినా పోయెటోడే అంటవా?"

అవునన్నాను. ఆ మాట మెత్తగా చెప్పే దారి నాకు తెలియదు.

"మరి నేనెవర్ని తిట్టాలె వదినె?"

నన్ను తిట్టు అన్నాను. కరోనాను తిట్టు, ఆస్పత్రిని తిట్టు, ఆ సూదోణ్ణి తిట్టు.

"నిన్ను తిడితే మాటకు మాట అంటవ్. కరోనాకు చెవులున్నయా? నీ బిడ్డనయితే తల వంచుకొని వింటది."

పేపరు మడుచుకుని లేచాను. ఇంటికొచ్చి నా కూతురితో, ఇకమీద ఆ గడప తొక్కితే నా మీద ఒట్టు అన్నాను. ఆదివారం అది ఆటో ఎక్కి వడోద్ వెళ్లింది. సాయంత్రం కళ్లు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చింది. ఏమందని అడిగితే అన్నదే అన్నదని చెప్పింది. మరెందుకు పోయావే అన్నాను.

"తిట్టనీ అమ్మా. తిట్టినంతసేపు అత్త ఏడుస్తలేదు."

ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం వెళ్లింది. ఎంత మంచి మనసమ్మా అని చుట్టాలు మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికి వాళ్లదేం పోయింది. డిగ్రీ అప్పుడే అయిపోయిన పిల్ల, చేయని హత్యకు వారం వారం వెళ్లి బోనులో నిలబడి వచ్చేది. దాన్ని మంచితనమని వాళ్లనుకోనీ, నేననను. ఆదివారం దానికి పెందలాడే అన్నం పెట్టి, ఆటో దాకా వెళ్లి ఎక్కించి, అది తిరిగొచ్చేదాకా కూరగాయలవాడితోనో, పక్కింటివాళ్లతోనో, ఎవరూ దొరక్కపోతే మా ఆయనతోనో కొట్లాడుతూ ఉండేదాన్ని.