పల్లంలో నిలిచే బండి

ఆ వీధిలో ఆమెను అందరూ వెల్డరమ్మ అంటారు. అసలు పేరు ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చే మనిషి కూడా "వెల్డరమ్మ ఇల్లు ఎటు?" అనే అడుగుతాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, మాట తక్కువ, చేతుల మీద నిప్పురవ్వలు మిగిల్చిన చుక్కలు ఎక్కువ. విరిగిన గేటు, ఒరిగిన నీళ్ల ట్యాంకు కాళ్లు, ఊడిన మెట్ల కమ్మీ, ఏదైనా సరే, ఇనుము ఎక్కడ విరిగితే అక్కడికి ఆమే వెళ్తుంది. విరిగిన గేటు తనంతట తాను నడిచి షాపుకు రాదు కదా అంటుంది.

అందుకే వెల్డింగ్ మిషను, జనరేటరు, గ్యాసు సిలిండర్లు ఒక రెండు చక్రాల ట్రైలర్ మీద బిగించుకుని, దాన్ని పికప్ బండి వెనక తగిలించుకుని పందొమ్మిదేళ్లుగా తిరుగుతోంది. ఇంటికి కూడా అదే బండి. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే భర్తకు సైకిలు తప్ప మరొకటి నడపడం రాదు. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక, వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించాలి. ట్రైలర్ ఇంటి దగ్గర విప్పేసి, ముందు సీటు తుడిచి, ఆవిణ్ణి కూర్చోబెట్టి తీసుకెళ్లేది.

ఆ బండి ఒక మధ్యాహ్నం ప్రాణం విడిచింది. ఊరి చివరి గుట్ట మీద పని ముగించుకుని వెల్డరమ్మ కిందికి దిగుతోంది. రెండో మలుపు దగ్గర బ్రేకు తొక్కితే కాలు దూదిలో దిగినట్టయింది. వెనక ట్రైలర్ బండిని నెట్టడం మొదలుపెట్టింది. ఎదురుగా బడి పిల్లలు దాటే రోడ్డు. పక్కన ఇల్లు కట్టేవాళ్లు పోసుకున్న ఇసుక కుప్ప. ఆమె ఆలోచించలేదు, స్టీరింగ్ ఇసుకవైపు తిప్పేసింది. ఆమెకు గీత కూడా పడలేదు. బండి ముందుభాగం మాత్రం నుజ్జునుజ్జయింది, అడుగున ఉండే ఇనుప చట్రం వంకర తిరిగింది. మెకానిక్ చూసి, "ఇక దీన్ని ఇబ్బంది పెట్టకమ్మా" అన్నాడు.

బండి పోయిన బాధ వారంలో తగ్గింది. దాంతోపాటు వచ్చిన భయం తగ్గలేదు. పల్లం కనిపిస్తే చాలు, వేరే దారి వెతికేది. మరిది కారు అడిగి తీసుకుని అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్తూ, దారిలో ఉన్న చిన్న వాలు తప్పించడానికి రెండు వీధులు చుట్టు తిరిగేది. మూడోసారి అత్తగారు అడిగేసింది.

"ఏంటమ్మాయ్, రోజూ నాకు ఊరు చూపిస్తున్నావ్?"

"అటు రోడ్డు తవ్వారత్తయ్యా."

"మరి ఆటోలన్నీ అటే పోతున్నాయే! తవ్వి అప్పుడే పూడ్చేశారా? బాగా పనిచేస్తున్నారే!" అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

గుట్ట మీద పనులకు వెల్డరమ్మ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోసాగింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక తలుపు గొళ్లేలన్నీ మార్చేసింది. చివరికి భర్తే, "గొళ్లేలు అయిపోయాయి, ఇక బండి చూసుకో" అన్నాడు.

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు మరిది రంగంలోకి దిగాడు. పొద్దున లేస్తే ఫోన్లో బళ్ల బొమ్మలే. మూడో రోజు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"వదినా! ఎర్ర బండి. రెండేళ్లది. చూస్తే కళ్లు తిరుగుతాయి. మన ఇంటికి తాడు కట్టినా లాక్కుపోతుంది!"

"ఇంటిని ఎక్కడికి లాగాలయ్యా? ఇది ఇక్కడ బాగానే ఉందిగా" అంది వెల్డరమ్మ. అయినా వెళ్లింది. ఎక్కి దిగాల్సింది తనే కాబట్టి అత్తగారూ బయల్దేరింది.

పాత బళ్లు అమ్మే ఆ షెడ్డులో ఎర్ర బండి నిజంగానే మెరిసిపోతోంది. అత్తగారు తలుపు తెరిచి, చేతికర్ర ఆనించి, కాలు ఎత్తి చూసింది. అందలేదు.

"స్టూలు పెట్టుకుందాంలేమ్మా" అన్నాడు మరిది.

"నేను ఆసుపత్రికి వెళ్లాలా, అటక ఎక్కాలా?" అంది ఆవిడ.

వెల్డరమ్మ ఈలోగా టార్చి తీసుకుని బండి కిందికి దూరింది. అందరూ ముందు ఇంజను చూస్తారు, ఆమె ఇనుము చూస్తుంది. లోడు మోసేది అడుగునున్న చట్రమే. దాని మీద నల్లరంగు నిగనిగలాడుతోంది. పైనెక్కడా అంత కొత్త రంగు లేదు. వెనక చక్రానికి జానెడు ముందు బొటనవేలితో తడిమింది. రంగు కింద గరుకుగా ఒక గీత తగిలింది. గోటితో గీకితే అతుకు బయటపడింది.

"ఇది విరిగి అతికించిన బండి" అంది పైకి లేచి చేతులు దులుపుకుంటూ.

"అబ్బే, కంపెనీ అతుకేనండీ అది" అన్నాడు అమ్మే మనిషి.

"కంపెనీవాళ్లు ఒకవైపు అతికించి రెండోవైపు వదిలేస్తారా?"

అతను బండి తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు. మరిది ఎర్ర బండి వైపు చివరిసారి ఒక చూపు చూసి, తల దించుకుని బయటికి నడిచాడు. ఇల్లు చేరాక, "ఇందాక నీ చేతిలో టార్చి చూసి నవ్వుకున్నాను వదినా, తప్పయిపోయింది" అన్నాడు.

తర్వాతి బండి కబురు మెకానిక్ పంపాడు. మొక్కల నర్సరీ నడిపే పెద్దాయన ఒకరు నడుం సహకరించక బండి అమ్మేస్తున్నారట. పన్నెండేళ్లుగా చెట్లూ మట్టీ ట్రైలర్‌లో వేసుకుని లాగిన బండి. వెల్డరమ్మ ఫోన్ చేసి, "మా ట్రైలర్ తగిలించి చూడొచ్చా?" అని మొహమాటంగా అడిగింది.

"తగిలించకుండా ఎలా తెలుస్తుందమ్మా? మీ ఇల్లెక్కడో చెప్పు, నేనే తెస్తాను" అన్నాడాయన.

వచ్చిన బండి వెలిసిపోయిన పాత బకెట్ రంగులో ఉంది. మరిది ముఖం ఆముదం తాగినట్టు పెట్టాడు. పెద్దాయన దిగుతూనే లోపాల చిట్టా విప్పాడు. "ఎడమ కిటికీ సగమే దిగుతుంది. రేడియో దానికి బుద్ధి పుట్టినప్పుడు పలుకుతుంది. క్లచ్ ప్లేటు ఇంకో ఏడాది వస్తుందేమో, ఆపైన మార్చాలి. చట్రం మాత్రం చూసుకోమ్మా, నువ్వు చూడగలవని మెకానిక్ చెప్పాడు."

చూసింది. అక్కడక్కడా పైపై తుప్పు, అంతే. ఎక్కడా అతుకు లేదు. అత్తగారు కాలు ఎత్తింది, కర్ర లోపల పెట్టింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంది. "ఇక నేను దిగను" అంది.

ట్రైలర్ తగిలిస్తూ పెద్దాయన ఆగిపోయాడు. వంగి చక్రాల వెనక చూశాడు.

"దీనికి సొంత బ్రేకు లేదేంటమ్మా?"

"మొదట్నించీ లేదండీ. అప్పట్లో చిన్న మిషను ఒక్కటే ఉండేది..."

అంటూనే ఆమె ట్రైలర్ మీది సామాను వైపు చూసింది. తర్వాత పెద్ద జనరేటరు వచ్చింది. ఆపైన సిలిండర్లు, ఇనుప బల్ల, పనిముట్ల పెట్టె. పందొమ్మిదేళ్లలో ఒక్కొక్కటీ తనే ఎక్కించింది, తనే బిగించింది. ఇంత బరువును ఆపే భారమంతా ముందున్న ముసలి బండి బ్రేకుల మీదే వేసింది; ఆ రోజు గుట్ట దిగుతుంటే అవి వేడెక్కి పట్టు వదిలేశాయి. ఊళ్లో అందరి అతుకులూ చూసే మనిషి, తన ట్రైలర్ వైపు ఒక్కసారి కూడా పరాయి కంటితో చూడలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దానితోపాటే, నెలన్నరగా గుండె మీద కూర్చున్న బండరాయి కొంచెం కదిలినట్టూ అనిపించింది. ఆ రోజు జరిగిన దానికి కారణం ఉంది. కారణం ఉన్నదాన్ని బాగుచెయ్యొచ్చు.

జనరేటరూ సిలిండర్లూ దించేసి, ట్రైలర్‌ను తేలిక చేసి గుట్ట మీదికి బయల్దేరారు. సగం గుట్ట ఎక్కాక పెద్దాయన బండి ఆపించి, మళ్లీ కదిలించమన్నాడు. బండి బెత్తెడు కూడా వెనక్కి జారలేదు. ఇంజను వేడి చూపే ముల్లు ఉన్నచోటే ఉంది.

"ఎక్కడం బాగానే ఉందమ్మా. కొనేది మాత్రం దిగడం చూసి కొనాలి" అన్నాడాయన.

పైన బండి తిప్పాక వెల్డరమ్మ చేతులు స్టీరింగ్‌కు అతుక్కుపోయాయి. "మీరు నడపండి" అంది.

ఆయన మాట్లాడేలోపే ఇద్దరి మధ్యా కూర్చున్న అత్తగారి గొంతు వినబడింది. "అమ్మాయ్, మొదటిసారి నడవమన్నప్పుడు ఆసుపత్రిలో నేనేం చేశాను?"

"నర్సుని తిట్టారు."

"తిట్టి?"

"నడిచారు."

"నువ్వూ ఎవర్నన్నా తిట్టు, కావాలంటే ఈయన్నే తిట్టు. తర్వాత దించు."

పెద్దాయన పగలబడి నవ్వాడు. "ఎక్కిన గేరులోనే దిగమ్మా. బ్రేకు మీద కాలేసి కూర్చోకు. బండిని ఇంజనే పట్టుకుంటుంది."

ఆమె రెండో గేరు వేసి వదిలింది. ఇంజను గుర్రుమని బరువును పట్టుకుంది. మొదటి మలుపు దాటింది. రెండో మలుపులో ఒళ్లంతా చెమట పట్టింది, కానీ బండి మాట విన్నది. బ్రేకు మీద ఒక్కసారి కాలు పెట్టి తీసింది. గట్టిగా, నమ్మకంగా తగిలింది. కిందికి చేరి రోడ్డు పక్కన ఆపాక, కాసేపు స్టీరింగ్ మీద నుదురు ఆనించి ఉండిపోయింది. 

బేరం రెండు మాటల్లో తేలిపోయింది. ట్రైలర్ పని మాత్రం తొమ్మిది రోజులు పట్టింది. పాత ఇనుము దుకాణంలో బ్రేకులున్న ఇరుసు వెతికి పట్టుకుని, కొలిచి, కోసి, రెండు వైపులా నిండుగా అతికించింది. మెకానిక్ వచ్చి సరిచూసేదాకా బయటికి తీయలేదు. మరిది నెడుతూ, మోస్తూ అక్కడే ఉన్నాడు. రేడియో బాగుచేస్తానని విప్పి, అది బుద్ధి పుట్టినప్పుడు కూడా పలకకుండా చేశాడు.

ఆ తర్వాతి నెలలో గుట్ట పైనున్న బడివాళ్లు మెట్లకు కొత్త కమ్మీలు వేయమని అడిగారు. పన్నెండు రోజుల పని. వెల్డరమ్మ సాకులేవీ వెతక్కుండా సరేనంది. మొదటి రోజు దిగేటప్పుడు మలుపులు లెక్కపెట్టుకుంది. నాలుగో రోజు లెక్కపెట్టడం మరిచిపోయానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. వ్యాయామం ఉన్న రోజుల్లో అత్తగారు కూడా ఆసుపత్రి నుంచి అటే వచ్చి, బడి వరండాలో కూర్చుని, ఏ కమ్మీ వంకరగా ఉందో అరిచి చెప్పేది. సగం సార్లు ఆవిడ చెప్పిందే నిజమయ్యేది.

చివరి రోజు సాయంత్రం పూర్తి లోడుతో దిగుతున్నారు. "అత్తయ్యా, వచ్చే వారం నుంచి పంపుహౌసు పని ఉంది, అది ఇంకా ఎత్తు" అని చెబుతోంది వెల్డరమ్మ. పక్కకు చూస్తే ఆవిడ సగం తెరిచిన కిటికీకి తల ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, హాయిగా గుర్రు పెడుతోంది. వెల్డరమ్మ నవ్వుకుని, రెండో గేరు వేసి, కుదుపు తగలకుండా మలుపు తిప్పింది.