లేతు ముందు మొక్కు జుట్టు

మా వర్క్‌షాపులో పొద్దున పని మొదలయ్యే ముందు ఒక తంతు ఉండేది. కుర్రవాళ్ళంతా మిషన్ల గది బయట వరసగా నిలబడి రెండు చేతులూ ముందుకు చాపాలి. మేస్త్రీ ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ ఒక్కొక్కరి వేళ్ళు, మెడ, నడుము చూసేవాడు. ఉంగరం, కడియం, తాయెత్తు, సిలువ గొలుసు, ఏదైనా సరే తీసి గుమ్మం పక్కనున్న చెక్కపెట్టెలో వేయాలి. పంచె కట్టినవాడు కుచ్చెళ్ళు లోపలికి దోపి గోచీ బిగించాలి. చొక్కా చేతులు మోచేతి పైకి మడవాలి. ఆ పెట్టెలో మూడు మతాల దేవుళ్ళు సాయంత్రం దాకా ఒకరి మీద ఒకరు పడుకొని ఉండేవారు. ఎప్పుడూ తగవు వచ్చినట్టు వినలేదు.

ఇది కర్నూలులో, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల మాట. ఫిట్టర్లు, టర్నర్లు ఎంతమంది ఉన్నా చాలని కాలం అది. పల్లెల నుంచి వచ్చిన యువకులకు పని నేర్పడానికి తుంగభద్ర ఒడ్డుకు దగ్గరలో ఒక పాత పత్తి గోదాములో ఆ వర్క్‌షాపు పెట్టారు. నేను అక్కడ లెక్కలు చెప్పేవాణ్ణి. కాలేజీలో చదివినవాణ్ణి కాను. నూనె మిల్లులో గుమాస్తాగా ఉంటూ భిన్నాలూ నిష్పత్తులూ నాకు నేనే పట్టు పట్టి నేర్చుకున్నాను. పెద్ద పుల్లీ నుంచి చిన్న పుల్లీకి బెల్టు వేస్తే చిన్నది నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది, అంగుళానికి ఎనిమిది మరలు రావాలంటే ఎన్ని పళ్ళ చక్రానికి ఎన్ని పళ్ళ చక్రం జతచేయాలి, ఇవే నా పాఠాలు.

మేస్త్రీ సాయిబు. రైలింజన్ల షెడ్డులో చాలాకాలం పనిచేసి వచ్చినవాడు. ఎడమచేతి చూపుడు వేలు సగమే ఉండేది. ఎలా పోయిందని అడిగితే ఒకరికి కుక్క కరిచిందనీ, ఒకరికి భార్య కొరికిందనీ, నాకైతే లెక్క తప్పి పోయిందనీ చెప్పాడు. ఆ సగం వేలు చూపించి ఆయన చెప్పిన మాటను ఎవరూ మరిచిపోయేవారు కారు. పిడి లేని ఆకురాయి పట్టుకుంటే దాని తోక అరచేతిలో దిగుతుంది. కడ్డీని తిప్పుతూ చెక్కే లేతు మిషనులో, ముక్కను పట్టుకునే చక్కును బిగించాక దాని తాళం చెవిని అందులోనే వదిలి మిషను తిప్పితే, ఆ చెవి ఎగిరి వచ్చి నీ నుదుటికే తగులుతుంది. ఇవన్నీ ఆయన పాఠాలు. నావి నల్లబల్ల మీద ఉండేవి, ఆయనవి ఒంటి మీద.

ఆ ఏడు కోసిగి వైపు నుంచి ఒక కుర్రవాడు వచ్చి చేరాడు. పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి. ఆకురాయి పనిలో చెయ్యి బాగా కుదురుగా ఉండేది. అయితే తల మీద పెద్ద జుట్టు, ఆడపిల్లకు ఉన్నంత. విప్పితే వీపు మధ్యకు వచ్చేది. మొదటిరోజు వరసలో మేస్త్రీ అతని ముందు ఆగిపోయాడు.

"ఏమప్పా, ఈ జడ ఎవురికోసరం పెంచుతాండావు? పెండ్లాముకా, మిషనుకా?"

వరసంతా నవ్వింది. అతడు తల వంచుకొని, "మొక్కు జుట్టు మేస్త్రీ. అహోబిలం సామికి" అన్నాడు.

మేస్త్రీ వెంటనే నవ్వు ఆపేశాడు. దేవుడి మాట వస్తే, ఎవరి దేవుడైనా సరే, ఆయన ఎగతాళి చేయడు. "సామికైతే సామికాడికే పోయి ఇయ్యి నాయనా. ఈడికి తెచ్చినావంటే మిషను మధ్యలోనే తీసుకుంటాది" అని, అతన్ని లేతు దగ్గరికి రానీయకుండా ఆకురాయి బల్ల దగ్గరే ఉంచాడు.

ఇక్కడ మిషన్ల సంగతి కొంచెం చెప్పాలి. గోదాము కప్పు కింద ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే పొడుగాటి ఇనుప షాఫ్టు. బయట ఉన్న ఆయిల్ ఇంజను దాన్ని తిప్పుతుంది. ఆ షాఫ్టు మీది పుల్లీల నుంచి తోలు బెల్టులు ఒక్కొక్క మిషనుకూ దిగుతాయి. మిషను ఆపాలంటే కట్టెతో బెల్టును, మిషనును తిప్పకుండా ఊరికే తిరిగే ఉత్తుత్తి పుల్లీ మీదికి జరపాలి. జరిపినా చక్కు ఉన్నపాటున ఆగదు, తన ఊపు తీరేదాకా తిరుగుతూనే ఉంటుంది.

నెలాఖరుకు పైనుంచి ఒక దొర వస్తాడు. అప్పటికి లేతు మీద తనంతట తాను ఒక ముక్క చేసి చూపినవాడే టర్నరు. చూపలేనివాణ్ణి ఇంటికి పంపి, ఆ చోటు బయట కాచుకొని ఉన్న ఇంకొకరికి ఇస్తారు. కోసిగి కుర్రవాడికి ఇది బాగా తెలుసు. ఒకరోజు పాఠం అయ్యాక నా దగ్గర నిలబడి అన్నాడు: "నేను టర్నరైతే మా యమ్మ ఇంగ సుగ్గికి పొయ్యే పనుండదు అయ్యవారూ." వానలు లేని ఏడు వాళ్ళ వైపు జనం ఇళ్ళకు తాళాలు వేసి, కోతల కోసం దూరపు ఊళ్ళకు పోతారు. దాన్నే సుగ్గి అంటారు. వాళ్ళమ్మ అలా పోయి వచ్చి పోయి వచ్చి నడుము వంగిపోయిందట.

"మరి జుట్టు తీసెయ్యకూడదా?" అన్నాను.

"అది నాది కాదు గదా అయ్యవారూ."

తోటివాళ్ళు అతని కోసం తలా ఒక ఉపాయం చెప్పారు. మొదటిది రుమాలు. మా సీమలో తలకు రుమాలు చుట్టని మగవాడు లేడు కాబట్టి అందరికీ అది సరైన మార్గంగానే తోచింది. మేస్త్రీ ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. మిషను ఆపి ఉన్నప్పుడు నిలబడి చూపించమన్నాడు. అతడు రుమాలు గట్టిగా చుట్టుకొని నిలబడి, పనిముట్టు మొన ఎక్కడ తగులుతున్నదో చూడటానికి ముందుకు వంగాడు. రుమాలు చివర మెల్లగా జారి చక్కు మీద వాలింది.

"చూసినావా? మిషను ఆగి ఉండాది గనక నువ్వింకా ఈడ ఉండావు" అన్నాడు మేస్త్రీ.

రెండో ఉపాయం ఎవరిదో నాకు తెలుసు కాని చెప్పను. జుట్టుకు బాగా ఆముదం పట్టించి ముడి వేస్తే, మిషను పట్టుకోబోయినా జారిపోతుందట! మర్నాడు పొద్దున కుర్రవాడు ముఖం మీదికి చుక్కలు కారుతుండగా వచ్చాడు. మేస్త్రీ వరస దగ్గరికి వస్తూనే ముక్కు ఎగబీల్చాడు.

"ఎవుడ్రా ఈడ దీపం పెట్టింది?"

ఆయన వాసన పట్టుకుంటూ వచ్చి కుర్రవాడి తల ముందు నిలబడ్డాడు. "అరే బాబా! ఇంతసేపూ నీకు మిషనుతోనే భయం ఉన్న్యాది. ఇప్పుడు ఆ మూల కొలిమితో కూడా భయమే. నీ తలకాయ ఒత్తి అయిపాయ. పో, సీకాయి పెట్టి కడుక్కో పో."

పక్కనున్న నంద్యాల కుర్రవాడు, "జారిపోతాదనుకుంటిమి మేస్త్రీ" అని గొణిగాడు.

"జారేది నీ బుద్ధి!" అన్నాడు మేస్త్రీ.

ఆ రోజు నేను నల్లబల్ల మీద ఈ జుట్టు లెక్కే వేశాను. కుర్రవాడి జుట్టు కొలిస్తే ఇరవై రెండు అంగుళాలు. లేతులో అంగుళం లావు కడ్డీ ఉందనుకుందాం. దాని చుట్టుకొలత మూడుంబావు కంటే కొంచెం తక్కువ, అంటే ఇరవై రెండులో ఏడో వంతు. కనుక ఆ జుట్టు మొత్తం సరిగ్గా ఏడు చుట్లలో చుట్టుకుంటుంది. మిషను నిమిషానికి రెండువందల పది చుట్లు తిరుగుతుంది, అంటే సెకండుకు మూడున్నర. ఏడు చుట్లకు రెండు సెకండ్లు. చుట్టుకున్న కొద్దీ చుట్ట లావవుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. శేషం లేకుండా లెక్క అంత చక్కగా తెగినందుకు మొదట సంతోషించాను. సుద్దముక్క కింద పెట్టాక గానీ అది ఏ లెక్కో నాకు తట్టలేదు.

"నాకర్థమాయ అయ్యవారూ, మా యమ్మకెవరు చెప్తారు?" అన్నాడు కోసిగి కుర్రవాడు.

"పిల్చుకోని రా. నేను చెప్తా" అన్నాడు గుమ్మంలో నిలబడి విన్న మేస్త్రీ.

ఊరికి పోయే మనిషి చేత కబురు పంపితే ఆమె వచ్చింది. సన్నగా, ఎండి, చేతిలో చిన్న మూటతో. మిషన్ల చప్పుడుకు గుమ్మం దగ్గరే ఆగిపోయి, మేస్త్రీని చూసి కొంగు సర్దుకుంది.

"నేనే మొక్కుకున్న్యా సాయిబూ. విషజ్వరమొచ్చి వీడు బతికేది ల్యాదన్న్యారు. అప్పుడు మొక్కుకున్న్యా. పంట ఇంటికొచ్చినాక చుట్టాలందర్నీ పిల్చుకోని పోయి, కొండకాడ అన్నం పెట్టి గుండు కొట్టిస్తానని. వానే రాకపాయ. పంట యాడిది? మధ్యలో కత్తెర పెడితే సామి ఊరుకుంటాడా?"

మేస్త్రీ ఆమెతో వాదించలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గుమ్మడికాయ ఒకటి లేతు బల్ల మీద, చక్కులో బిగించిన కడ్డీకి కొంచెం దూరంలో పెట్టాడు. గోగునారతో తానే అల్లిన జడ ఒకటి దానికి రంధ్రం చేసి బిగించి ఉంది. అందరినీ గోడ దాకా వెనక్కి పంపాడు. ఆమెను గుమ్మం బయటే నిలబెట్టాడు. నన్ను బెల్టు కట్టె దగ్గర ఉంచాడు. మిషను తిరగడం మొదలయ్యాక, పొడుగాటి వెదురు కర్రతో జడ కొసను మెల్లగా కడ్డీ మీదికి తోశాడు.

నేను కట్టె లాగాననే అనుకుంటున్నాను. లాగేలోపలే కాయ ఎగిరి చక్కుకు కొట్టుకొని, గింజలు కిటికీ దాకా పోయాయి. మిషను ఆగాక కడ్డీ మీద నార బిగుతుగా, నున్నగా చుట్టుకొని ఉంది.

మేస్త్రీ రమ్మంటే ఆమె లోపలికి వచ్చి, ఆగిన కడ్డీని చేత్తో తడిమి చూసింది. "కదురుకు దారం చుట్టుకున్నట్ల చుట్టుకున్న్యాదే" అంది. చేత్తో దారం వడికినవాళ్ళకే తోచే మాట అది. నా నల్లబల్ల అన్నిరోజుల్లో చెప్పలేనిది ఆమె అంత సులువుగా అనేసింది.

కొడుకు వైపు తిరిగి అతని ముడిని పిడికిట్లో పట్టుకుంది.

"సామికి జుట్టిస్తానన్న్యా. తలకాయిస్తానన్ల్యాదు. పద, అహోబిలం పోదాం."

"పంట రాలేదు గదమ్మా. చుట్టాలు?"

"చుట్టాలేమన్నా నీకు ఇంకో తలకాయ తెచ్చిస్తారా? అన్నం వానలొచ్చినప్పుడు తింటార్లే. సామి ఏమన్నా అనుకుంటే నన్ననుకోనీ, నేను చెప్పుకుంటా."

మేస్త్రీ ఆదివారం కలిసి వచ్చేట్టు సెలవు ఇచ్చాడు. పెట్రోలు దొరకని రోజులు కాబట్టి బొగ్గుతో నడిచే బస్సు అది, ఎత్తు వచ్చినప్పుడల్లా అందరూ దిగి నడవాల్సిందే. ఆళ్ళగడ్డ దాకా దాంట్లో పోయి, అక్కడి నుంచి ఎవరిదో బండి పట్టుకొని తల్లీకొడుకులు అహోబిలం చేరారట. తిరిగి వచ్చిన రోజు కుర్రవాడు గంధం పూసిన గుండుతో వరసలో నిలబడితే పక్కవాళ్ళు "గుండప్పా, గుండప్పా" అంటూ నెత్తి మీద వేళ్ళతో దరువు వేశారు. మేస్త్రీ వాళ్ళను అదిలించి, తానూ ఒకసారి ఆ గుండు నిమిరి, "ఇంగ యాడ పట్టుకుంటాదో పట్టుకోమను" అని, అతన్ని తానే భుజం పట్టి లేతు దగ్గరికి నడిపించాడు.

పోయిన రోజులు తిరిగి రావు కదా. మిగిలిన కొద్ది రోజుల్లో అతడు మిగతావాళ్ళంత నేర్చుకోవాలి. మధ్యాహ్నం అన్నం వేళ కూడా చక్కు ముందే ఉండేవాడు. ముక్కలు చాలా పాడుచేశాడు. ఒకటి మరీ సన్నగా పోయేది, ఒకటి ఒక కొస లావుగా వచ్చేది. మేస్త్రీ అందరినీ తిట్టినట్టే అతన్నీ తిట్టేవాడు. ఆ తిట్లు తినడానికే అతడు అహోబిలం పోయి వచ్చినట్టు ఎంతో తృప్తిగా వినేవాడు.

నెలాఖరున దొర వచ్చాడు. ఆయనకు మెట్ల కడ్డీ కావాలి: ఒక చివర అంగుళం, మధ్యలో ముప్పావు, ఆ చివర అర. కొలిచి చెప్పడం నా పని. కోసిగి కుర్రవాడి వంతు వచ్చినప్పుడు మేస్త్రీ, అవసరం లేకపోయినా, నూనె డబ్బా తీసుకొని పక్క మిషనుకు నూనె పోయసాగాడు. తిరుగుతున్న కడ్డీ నుంచి తెగిన ముక్క నా చేతికి వచ్చింది, ఇంకా వెచ్చగా ఉంది. అంగుళం సరిపోయింది. ముప్పావు సరిపోయింది. అర అంగుళం దగ్గర లావు కొలిచే కాలిపర్సు కొంచెం పట్టి, తర్వాత మెత్తగా దిగింది. నేను అంకెలు చదివాను. దొర తల ఊపి, కాగితం మీద గీత పెట్టి, తర్వాతివాడి దగ్గరికి నడిచాడు.

కుర్రవాడు నా వైపు చూసి పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. ఆ సంతోషంలో, అప్పుడే బెల్టు జరిపి, ఇంకా ఊపు తీరని మిషను మీద నుంచి ఇనుప రజనును ఒట్టి చేత్తో తుడవబోయాడు. మేస్త్రీ పక్క మిషను దగ్గర నుంచి అంత చప్పున ఎలా వచ్చాడో తెలియదు కాని, అతని మణికట్టు పట్టి వెనక్కి లాగాడు.

"నువ్వు పాసయినావని దానికి తెల్సునా రా?"