ఎందుకంటే టీచర్

ఆవిడకు పిల్లలు పెట్టిన పేరు ఎందుకంటే టీచర్. చదివింది అర్థమైనా కాగితం మీద పెట్టలేక నలిగిపోయే పిల్లలకు పద్నాలుగేళ్లుగా ఆవిడ నేర్పుతున్నది ఒకటే విద్య: ప్రశ్నలోని మాటల్ని జవాబులోకి లాక్కురావడం, ‘ఎందుకు’ను ‘ఎందుకంటే’ చేయడం. ఇంట్లో భర్త ఉత్తినే "టీ" అంటే కదిలేది కాదు. పూర్తి వాక్యం చెప్పరా నాయనా, లేకపోతే సాయంత్రం దాకా ఇలాగే కూర్చుంటుంది అని అత్తగారు కొడుకును ఆటపట్టించేది.

ఆవిడ తరగతి అంటే మెట్ల కింద సామాన్ల గది. కిటికీ లేదు. విరిగిన బెంచీల మధ్య నాలుగు కుర్చీలు. తనను మామూలు తరగతికి మార్చమని మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. మీరు తప్ప ఈ పిల్లల్ని ఎవరు పట్టించుకుంటారండీ అని హెడ్మాస్టరు మూడుసార్లూ పొగిడి పంపించాడు. ఆ పొగడ్తంటే ఆవిడకు ఒళ్లుమంట. అది నిజం కూడా కావడం వల్ల ఇంకా మంట.

ఈసారి పరీక్షలో, తన దగ్గర రెండేళ్లుగా చదువుతున్న ఒక అమ్మాయి చెబుతుంటే రాసిపెట్టే పని ఆవిడకే పడింది. చెప్పింది చెప్పినట్టే రాయాలి. ఒక్క మాట కలపకూడదు, తలైనా ఊపకూడదు. ఈసారి ఫెయిలైతే చదువు మాన్పించేస్తానని పిల్ల తండ్రి తేల్చి చెప్పేశాడు. ఇన్విజిలేటరు వచ్చి సరిగ్గా వాళ్ల వెనకే నిలబడ్డాడు.

పిల్ల ఎప్పటిలాగే పొడిపొడిగా చెబుతూ పోయింది. భయం. ఇల్లు. రెండు. పూర్తి వాక్యం కాకపోతే మార్కులు రావని తెలిసీ టీచరు అవే రాసింది. కలం చేతిలో ఉంది, జవాబు నాలుక మీద ఉంది, అయినా ఏమీ చేయలేని బతుకైపోయింది. ఇక చివరి ప్రశ్న ఒక్కటే దిక్కు: ముసలాయన తలుపు ఎందుకు తీయలేదు? ఆయనకు చెవుడని ప్రశ్నపత్రంలో ఇచ్చిన పేరాలో రెండో వరుసలోనే ఉంది.

 ఈసారి పిల్ల తడబడకుండా చెప్పింది.

"ముసలాయన తలుపు ఎందుకు తీయలేదంటే, తీస్తే లోపల ఉన్నాడని అందరికీ తెలిసిపోతుంది. తెలిస్తే ఏదో ఒకటి అడుగుతారు. అందుకని తీయలేదు."

రెండేళ్లలో ఆ పిల్ల నోట వచ్చిన మొదటి పూర్తి జవాబు అది. ఒక్క మార్కు కూడా రాని జవాబు.  టీచరు అక్షరం పొల్లుపోకుండా రాసింది.

"పూర్తిగా చెప్పాను కదా టీచర్?"

ఇన్విజిలేటరు ఇంకో అడుగు దగ్గరికి జరిగాడు. టీచరు తల ఊపలేదు, మొహమైనా కదపలేదు. గంట కొట్టేదాకా పిల్ల ఆవిడకేసే చూస్తూ కూర్చుంది.