మొగులయ్య తల్లెల తొక్కు

పందొమ్మిది వందల నలభై ఆరుల సంగతి, బిడ్డలారా. జహీరాబాద్‌ల ఒక చిన్న దవాఖానల నర్సును నేను. ఒంట్లె నీరు చేరి మనిషి ఉబ్బితే డ్రాప్సీ అంటుంటిమి. కాలు మీద బొటనేలుతోని ఒత్తితే గుంత పడుతది, జర సేపు దాంక నిండది. గట్లనే గుర్తువడుతుంటిమి.

చిరాగ్‌పల్లి నుంచి బాలమ్మ తన కొడుకు మొగులయ్యను ఎడ్లబండ్ల ఏసుకొచ్చింది. అల్లం పండించేటోడు, మంచి వయసు పిలగాడు. మొఖం ఉబ్బింది, కాళ్లు ఉబ్బినయ్. డాక్టర్ సాబ్ దవా ఇచ్చి, "సాల్ట్-ఫ్రీ డైట్ పెట్టాలె" అన్నడు. గదేందో నేను చెప్పిన, "ఉప్పు తింటే నీరు లోపట్నే ఆగుతది పెద్దమ్మా. వీనికి ఉప్పు బంద్ చెయ్యి."

బాలమ్మ మొఖం మాడిపోయింది. "నోరు మంచిగ పెట్టు బిడ్డా! మా ఇంట్ల మనిషి పోతేనే సప్పిడి బువ్వ తింటం. బతికున్న కొడుకు ముంగట ఎట్ల పెడుత?"

మొగులయ్య నవ్విండు. "ఉప్పెయ్యకుంటే మా ఎడ్లు గూడ కుడితి తాగవు నర్సమ్మా. నాకెట్ల తాపుతవ్?"

కొన్నొద్దులకు టీకాలెయ్య ఆ ఊరికి పోయి, ఆళ్ల ఇంట్లకు తొంగిచూసిన. మొగులయ్య తింటున్నడు. ఉబ్బు జరంత గూడ తగ్గలే. తల్లెల రొట్టె, పప్పు, పక్కకు ఇంత మామిడికాయ తొక్కు.

"పప్పుల ఉప్పెయ్యలే, ఒట్టు" అన్నది బాలమ్మ.

"మరి గీ తొక్కు?"

"గది పోయిన ఎండకాలం ఏసిన ఉప్పు బిడ్డా. ఇయ్యాల నేనేం ఎయ్యలే."

నేను తల్లెలకెల్లి తొక్కు తీసేసిన. బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గది గూడ తీస్తే గిది సావు బువ్వనే గదా" అన్నది మెల్లగ. మొగులయ్య పప్పు ముద్ద నోట్లె పెట్టుకొని చూసిండు. పక్కపొంటి అన్నదమ్ములు ఉప్పేసిన పప్పు జుర్రుకుంట తింటున్నరు. "నా ఒక్కనికేనానే అవ్వా?" అని తల్లె జరిపిండు. తల్లి పానం ఆగుతదా? నేను గడప దాటంగనే తొక్కు మల్ల తల్లెలకు వచ్చుంటది.

వానలు పడ్డంక వానికి ఊపిరాడక కూసుండే నిద్రపొయ్యేటోడు. దవాఖానకు మల్ల తెచ్చిన్రు గని, మా చేతుల్ల ఏం లేకుండె. పోయిండు.

మూడో దినం నేను పోయేసరికి ఇంట్ల అందరు వరుసగ కూసున్నరు. ఒక్కటే కుండల వండిన సప్పిడి బువ్వ, పప్పు. ఎవ్వలు ఉప్పు అడుగుతలేరు. అందరికి గొంతులకు దిగుతుంది. బాలమ్మ ముద్ద పట్టుకొని నా దిక్కు చూసింది.

"ఇయ్యాల అందరం తింటున్నం జూడు నర్సమ్మా. వాడున్నప్పుడు వాని ఒక్కని ముంగటనే పెట్టిన."



అప్పటిసంది ఏ ఇంట్ల గూడ రోగికి వేరే కుండ పెట్టుమని చెప్పలే. ఇంటి కుండలనే ఉప్పు తగ్గించుమన్న. పులుసు, ఎల్లిపాయ, నిమ్మకాయతోని నోటికి రుచి చెయ్యిమన్న. తొక్కును అటకెక్కించుమన్న. మీరు గూడ గట్లనే చెయ్యుండ్రి బిడ్డలారా, ఎవలకు ఏం కాకముందే, జర జర తగ్గించుకుంట. అందరు కలిసి తింటే గది సప్పిడి బువ్వ కాదు, ఇంటి బువ్వ.

గీ ఒక్క ముచ్చట నేర్చుకునేటందుకు నాకు మొగులయ్య పోవాల్సొచ్చింది.