అవ్వ పారబోసిన నీళ్లు

యుద్ధం రోజుల్లో మా తమ్ముడికి గజ్జల్లో ఆపరేషన్ అయింది. అప్పటికి వాడికి ఆరేళ్లు. వెన్నులో సూది వేసి, నడుము కింద మొద్దుబార్చి కోశారు. కోత బాగానే ఉంది కానీ, మర్నాడు లేపి కూర్చోబెట్టగానే తల పట్టుకుని ఏడ్చాడు, వాంతి చేసుకున్నాడు. పడుకోబెడితే తగ్గింది.

సూది గుచ్చిన చోట వెన్నులోని నీరు కారుతోందని, అందుకే లేస్తే తలనొప్పి అని డాక్టరు మా అవ్వకు విడమరిచి చెప్పాడు. దిండు తీసేసి పడుకోబెట్టి, నీళ్లు బాగా తాగించమన్నాడు. అవ్వ అన్నిటికీ తలూపింది. తలూపడంలో మా కాటన్‌పేట ఆడవాళ్లను మించినవాళ్లు లేరు.

పచ్చి పుండు మీద నీళ్లు తాగితే చీము పడుతుందని మా ఇళ్లల్లో నమ్మకం. బాలింతలు కూడా గుక్కెడు నీళ్లకు మొహం వాచిపోయేవాళ్లు. నర్సు చెంబు నిండా నీళ్లు పెట్టి వెళ్లేది. అవ్వ వాడి పెదాలు తడిపి, మిగతావి కిటికీలోంచి పారబోసేది. ఖాళీ చెంబు చూసి నర్సు సంతోషపడేది.

"అవ్వా, దప్పికైతా ఉండాది," అనేవాడు.

"ఓర్చుకో నాయనా. కుట్లు మానినాక కడివెడు తాగుదువు."

అమ్మ లేని మమ్మల్ని పెంచిన మనిషి. వాడికి పోసినంతే తనూ తాగేది. ఆమె పెదాలూ పగిలాయి. ఇప్పటికీ నాకు కోపం వస్తుంది, ఎవరి మీద పడాలో తెలియక ఏడుపొస్తుంది.

నొప్పి ఎంతకీ తగ్గకపోతే, ఒక సాయంత్రం నర్సే చెంబు వాడి నోటికి అందించింది. వాడు ఊపిరి కూడా తీసుకోకుండా తాగి, ఇంకా కావాలని చేయి చాపాడు. ఆమె అవ్వ వైపు చూసింది.

"బిడ్డ నొప్పికి నేనేనా కారణం?" అంది అవ్వ.

నీళ్లు పడ్డాక నొప్పి మెల్లగా పోయింది. వాడు నడుచుకుంటూ ఇల్లు చేరాడు. కానీ ఆ తర్వాత అవ్వ చేతి నీళ్లు ముట్టలేదు. ఆమె చెంబు అందిస్తే, పక్కనుంచి వెళ్లి కుండలో తనే ముంచుకునేవాడు.

కొన్నేళ్లకు అవ్వ మంచాన పడింది. చివరి గడియల్లో మేమందరం తులసి నీళ్లు పోయబోతే పళ్లు బిగించింది. వాడు చెంబు తీసుకొస్తే మాత్రం నోరు తెరిచి ఒక్క గుక్క మింగింది. తర్వాతవి చెంపల మీదుగా దిండులోకి కారిపోయాయి.

"చాలప్పా. అవ్వ పోయింది," అన్నాడు మా నాయన.

"లేదు, దప్పికగా ఉండాది అవ్వకి," అంటూ వాడు పోస్తూనే ఉన్నాడు.