అన్నకు వచ్చిన ఇంటిపని వీసా

మా అన్నకు కువైట్ వీసా వచ్చిన రోజు ఆ కాగితాన్ని మా ఇంట్లో ఎవరూ చదవలేదు. అందరూ కళ్ళకద్దుకున్నారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏజెంటు మీద ఎంత మండుతుందో మా వాళ్ళ మీదా అంతే మండుతుంది. నా మీద ఇంకొంచెం ఎక్కువ.

అప్పుడు మేం హిందూపురంలో ఉండేవాళ్ళం. ఎనభైల మొదటి రోజులు. నాయనది దూది ఏకి పరుపులు కుట్టే పని. మేం ముసల్మానులమే గానీ ఇంట్లో మాట తెలుగే. ఉర్దూ మాట్లాడే ఇళ్ళవాళ్ళకు మేమంటే లోకువ. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఉర్దూలో పలకరిస్తే నాయన నవ్వి తల ఊపేవాడు. ఇంటికొచ్చాక ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

అన్న లారీ డ్రైవరు. హెవీ లైసెన్సు ఉంది, బళ్ళారి రోడ్డులో ఏ మలుపు ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. బొంబాయి నుంచి వచ్చిన ఒక ఏజెంటు అన్నను చూసి, కువైట్‌లో కంపెనీ పని, పెద్ద ట్రైలర్ నడపాలి అన్నాడు. కంపెనీ వీసా కాబట్టి ఏడాది తిరిగేసరికి భార్యను కూడా పిలిపించుకోవచ్చన్నాడు. మా ఇంట్లోవాళ్ళంతా పడిపోయింది ఆ రెండో మాటకే. అన్నకు పెళ్ళయి నాలుగు నెలలైంది. వదిన పెనుకొండ పిల్ల, నాకంటే ఏడాది పెద్ద. ఆ వారంలోనే స్టూడియోకు వెళ్ళి పాస్‌పోర్టు ఫోటో దిగింది. కువైట్‌లో పాలు దొరుకుతాయా, చీర కట్టుకోనిస్తారా అని అన్నను అడిగేది. అన్నకు మాత్రం ఏం తెలుసు? అన్నిటికీ ఊ అనేవాడు.

వీసా రిజిస్టర్ పోస్టులో వచ్చింది. పైనుంచి కింది దాకా అరబ్బీ. మా ఇంట్లో అరబ్బీ అక్షరం ఉన్న కాగితం నేల మీద కనబడితే చాలు, ఎత్తి కళ్ళకద్దుకుని గూట్లో పెడతాం. అది ఏ కాగితమో చూడం. ఖర్జూరాల పొట్లం మీది కాగితమైనా అంతే. అమ్మ వీసాను ముద్దు పెట్టుకుని, పట్టుగుడ్డలో చుట్టి, ఖురాన్ పక్కన పెట్టింది.

నేను ఇంటర్ చదువుతున్నాను. దాంట్లో ఏముందో ఎవరినైనా అడుగుదామన్నాను. నాయన మసీదులో పిల్లలకు చదువు చెప్పే పెద్దాయనను ఇంటికి పిలుచుకొచ్చాడు. పాపం ఆయన మంచివాడు. రెండు వరుసలు కూడబలుక్కుని ఆగిపోయాడు. ఖురాన్‌లో ప్రతి అక్షరానికీ ఎలా పలకాలో గుర్తులుంటాయి, ఈ కాగితంలో అవి లేవు.

"పలికేది నాకొచ్చు గానీ అర్థం నాకు తెల్దప్పా. ధర్మవరంలో ఒకాయప్ప కువైట్‌లో పదేండ్లు పన్జేసి వచ్చినాడు. ఆయప్పకు చూపించండి" అన్నాడు.

ఆయన వెళ్ళాక నేను ధర్మవరం ఎప్పుడు పోదామని అడిగాను.

"ఆయప్ప ఉర్దూ మాట్లాడే ఇంటోడు. ముసల్మానై పుట్టి ఉర్దూ రాదు, అరబ్బీ రాదు, యాడోల్లప్పా మీరు అని నగుతాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్తాది. నువ్వు నోరు మూసుకో" అన్నాడు నాయన.

నేను నోరు మూసుకున్నాను. పరీక్షల్లో ఫస్టున వచ్చే ఆడపిల్లను, కాలేజీలో లెక్చరర్లతో వాదించేదాన్ని, నోరు మూసుకున్నాను.

మా వాళ్ళు చేసింది ఇంకొకటి ఉంది. అందరం రైలెక్కి పెనుకొండ దర్గాకు వెళ్ళాం. పళ్ళెంలో పూలు, చక్కెర, వాటి మధ్య వీసా. వాటి మీద ఫాతిహా ప్రార్థన చదివించి, ఆ చక్కెరను రైల్వేస్టేషన్ దాకా ఎదురైన వాళ్ళందరికీ పంచాం. మొక్కుకోవడం తప్పని నేను అనడం లేదు. ఆ దర్గాకు నేనూ మొక్కుతాను. కానీ అదే రైల్లో ఇంకో గంటో గంటన్నరో కూర్చుంటే ధర్మవరం వచ్చేది. పెనుకొండలో దిగి, మొక్కి, వెనక్కు తిరిగి వచ్చాం. దేవుడు మాత్రం ఎంతని చేస్తాడు, మనం స్టేషన్ దాటకపోతే?

అన్న వెళ్ళిన రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. నేనే చదివాను. ట్రైలర్ లేదు, కంపెనీ లేదు. ఒక షేకు ఇంట్లో కార్లు కడగడం, చెట్లకు నీళ్ళు పెట్టడం, కూరగాయలు మొయ్యడం. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంది. "ఈ వీసాతో ఇంకో చోట పనికి పోయేదానికి లేదంట. ఆమెను పిలిపించుకునేదానికీ లేదంట" అని రాశాడు. భార్య పేరు ఉత్తరంలో రాయడానికి అన్నకు సిగ్గు. వదిన గోడకు ఆనుకుని నిలబడి విన్నది. మళ్ళీ ఒకసారి చదవమంది.

మర్నాడు పొద్దున్నే, అన్న జెరాక్సు తీయించి పెట్టిన వీసా కాపీ తీసుకుని, నాయనతో చెప్పకుండా, వదినా నేనూ ధర్మవరం వెళ్ళాం. కువైట్ నుంచి వచ్చిన ఆయన అక్కడ రేడియోలు రిపేరు చేసే కొట్టు పెట్టుకుని ఉన్నాడు. నేను జంకుతూ జంకుతూ నాకొచ్చిన నాలుగు ఉర్దూ ముక్కలు మొదలుపెట్టాను.

"తెలుగులో చెప్పమ్మా, ఈడ ఎవురున్నారు ఉర్దూలో మాట్లాడేదానికి" అన్నాడు ఆయన.

స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, కాగితం మీద కుడి నుంచి వేలు జరుపుతూ చదివాడు. పేరు. పుట్టిన తేదీ. పిలిపించిన ఆయన పేరు.

"పని: ఇంటి నౌకరు. ఈడ రాసుండాది చూడు. కంపెనీ వీసా వేరేమ్మా. దాంట్లో పోయినోడు జీతం బాగుంటే పెండ్లాన్ని పిలిపించుకోవచ్చు. ఇంటిపని వీసాలో పోయినోడు ఆ ఇంటోడి కిందనే ఉండల్ల. అకామా, అంటే ఆడ ఉండనిచ్చే కాగితం, వాడి చేతిలోనే ఉంటాది. ముందే తేలేదేమమ్మా? ఒక్క నిమిషం పని గదా."

నేనేం చెప్పను? మీరు నగుతారని రాలేదని చెప్పనా?

వదిన మొదటిసారి నోరు తెరిచింది. "నేను పోయే దోవే లేదా అన్నా?"

"ఉండాది. నీకూ ఇంటిపని వీసా దొరుకుతాది. వేరే ఇంట్లో. ఆయప్ప ఒక తావ, నువ్వొక తావ." అది చెప్పేటప్పుడు ఆయన మా మొహం చూడలేదు.

ఇంటికి వచ్చి నేను అరిచిన అరుపులకు పక్కిళ్ళవాళ్ళు బయటికొచ్చారు. నాయన దూది ముందు అలాగే కూర్చున్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆ అచ్చరాల్లో అబద్దం రాస్తారని ఎవురనుకుంటారే" అంది.

"అబద్ధం రాయలేదమ్మా! నిజమే రాసినారు! నౌకరని రాసినారు, దానికి మనం ఫాతిహా చదివించినాం!"

నాయన నన్ను కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

అన్న రెండేళ్ళకు వస్తాడన్నారు. షేకు పంపించలేదు. మూడో ఏడు వదిన తన ఫోటో తీసుకుని ధర్మవరం ఆయన దగ్గరికి తానే వెళ్ళింది. ఆయన తెలిసినవాళ్ళ ద్వారా ఇంటిపని వీసా తెప్పించాడు. కాగితం వచ్చాక ప్రతి ముక్కా చదివించుకుని, ఏ వరుసలో ఏముందో తెలుగులో రాసుకుని మరీ వెళ్ళింది. అంతా తెలిసే వెళ్ళింది.

ఆరు నెలలకు ఆమె ఉత్తరం. అన్న ఉండే ఇంటికీ ఆమె ఇంటికీ బస్సులో ముప్పావు గంట. నెలకొకసారి, శుక్రవారం, కూరగాయల మార్కెట్టులో అరగంట కలుస్తారు. అన్న చిక్కిపోయాడు. ఆ కింద ఇలా రాసింది: "పోయిన వారం మా మేడం చూసి ఎవురాయప్ప అని అడిగింది. మొగుడు ఈడే ఉండాడని తెలిస్తే పనిలో పెట్టుకోరు. మా ఊరాయప్ప, పేరు తెల్దు అని చెప్పినా. మీ అన్న పక్కనే నిలబడి ఇన్న్యాడు."

అమ్మకు చదివి చెప్పేటప్పుడు ఆ మాట దాచేద్దామా అనుకున్నాను. దాచలేదు. నాయనను లోపలికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, ఆ వాక్యాన్ని గట్టిగా చదివాను. ఆయన తల వంచుకుంటే, తల ఎత్తేదాకా ఆగి, మళ్ళీ చదివాను.